రెండో హారన్

ఫిబ్రవరి 11, ఆదివారం

గువ్వా, ఒక్క మాటతో తుఫాను నోరు మూయించినవాడు నీ ఓడకు కాపుగా ఉండుగాక!

నిన్న వచ్చిన నీ ఉత్తరాన్ని ప్రార్థనకు ముందు విప్పాను. ప్రార్థన అయ్యాక విప్పి ఉండాల్సింది. చదివిన వేడిమీదే మేడమీది ప్రార్థన గదికి మెట్లెక్కి, కింది అంతస్తులో బ్యాటరీలు బాగుచేసేవాడు చేతిలో సుత్తి జారవిడిచేంతగా ప్రసంగించాను. నీ పేరు ఎత్తలేదులే. "ఒకానొక ఓడ" అన్నాను. ముందు వరసలో మీ వదిన మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోతుంటే తల దించుకుంది.

యుద్ధనౌకకు హారన్ దేనికి పెట్టారే? పొగమంచులో ఎదురొచ్చే ఓడకు నేనున్నానని చెప్పడానికి. ఆపద వచ్చిందని చాటడానికి. అంతేకానీ, చేపల పడవ కప్పు మీదికెక్కి చొక్కా విప్పి గిరగిరా తిప్పే మన తమ్ముడిని "ఏరా ఈలా, తిన్నావా" అని పలకరించడానికా? బూర తేటగా పలక్కపోతే సిపాయి దేనికి సిద్ధపడాలో ఎలా తెలుస్తుందని అపొస్తలుడు సంఘాన్ని నిలదీశాడు. ఆయన కూడా ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడే. ఊరికే అనలేదు.

నీ ఓడ నాకు కొత్త కాదు. డ్రైడాక్‌లో, నీళ్లు తోడేసిన మరమ్మతు గోతిలో, నిలబెట్టినప్పుడు దాని ముక్కు దగ్గర తాళ్ల ఉయ్యాలలో వేలాడి, తుప్పు గీకి, ఎర్రపూత పూసి, దానిమీద ఆ బూడిదరంగు కొట్టింది నేను. అలాంటివి నాలుగు ఓడలు. ఒకే నక్షా, ఒకే పొడుగు, ఒకే రంగు. పక్కన రాసిన అంకె చెరిపేస్తే వాటికి నక్షా గీసినవాడు కూడా పోల్చుకోలేడు. అందుకే ఈలగాడు బూడిదరంగు ఏది కనబడ్డా అక్క ఓడే అనుకుని చొక్కా తీస్తున్నాడు. నువ్వేమో తక్కిన మూడు ఓడల వాళ్లకీ చెప్పి వాళ్ల చేత కూడా మోగిస్తున్నావు. బాగుంది! తీరం కాసే నాలుగు యుద్ధనౌకలు మా ఇంటి చంటోడికి గిలక్కాయలయ్యాయి.

అమ్మానాన్నలు పోయాక మీ ఇద్దరినీ ఈ రంగు చేతులతోనే పెంచాను. నువ్వు నౌకాదళంలో రాడార్ ముందు కూర్చున్నావు, సంతోషం. వాడు నాతోపాటు తాళ్లమీద వేలాడనని చెప్పి పడవ ఎక్కాడు, అదీ సరే. ఇద్దరూ నీళ్లమీద ఉన్నారు. నేనొక్కణ్ణి గట్టున ఉండి గుండె అరచేత పట్టుకుంటున్నాను. ఆ మాట రాయడం చేతకాక హారన్ మీద విరుచుకుపడ్డానని మీ వదిన అంటోంది. ఆవిడకేం, అంటూనే ఉంటుంది.

గద్దింపూ నాదే, ముద్దూ నాదే,
అన్నయ్య


ఫిబ్రవరి 27, రేవులో

గర్జించే అన్నయ్యకు, గువ్వ రెక్కలు ముడుచుకుని రాస్తున్నది.

నీ ఉత్తరాన్ని గదిలో పైకి చదివాను. పై పడకలో ఉండే వంటగది అమ్మాయి "మీ అన్నయ్య మాట్లాడితే మాకు వేరే హారన్ అక్కర్లేదు" అంది. కోపం తెచ్చుకోకు.

మా ఓడను కార్వెట్ అంటారు, అదేంటని వదిన అడుగుతుంది. పెద్ద యుద్ధనౌకలకు చెల్లెలు అనుకోమను. ముందు ఒక ఫిరంగి, వెనక ఒక హెలికాప్టర్ దిగేంత చోటు, మధ్యలో మేమందరం, ఒకరి మోచెయ్యి ఒకరి పక్కటెముకల్లో. పెద్ద ఓడలు దూరసముద్రాలకు పోతాయి. మాది ఇంటి ముంగిట కాపలా. నీళ్లడుగున ఎక్కడైనా సబ్‌మెరైన్ నక్కిందేమోనని చెవులు రిక్కించి వినాలి. సరుకు ఓడలకు తోడు వెళ్లాలి. సముద్రంలోని చమురు బావుల చుట్టూ తిరగాలి. ఎవరి పడవ ఎవరి నీళ్లలో ఉందో చూడాలి. తిరిగిన చోటే తిరుగుతాం. గానుగెద్దుకు నీ బూడిదరంగు కొడితే అదే మా ఓడ.

నేను పనిచేసే గదికి కిటికీ లేదన్నయ్యా. తెరలు బాగా కనబడాలని చీకటిగా ఉంచుతారు. సముద్రంలో ఉంటూ నేను సముద్రం చూసేది తక్కువ. నాకు పడవ అంటే తెరమీద ఒక చుక్క. పైన ఓడ నడిపే గది, బ్రిడ్జి, పక్కన నిలబడి చూసే కుర్రాడున్నాడు, బైనాక్యులర్ కంటినుంచి దించడు కాబట్టి వాణ్ణి దుర్భిణి అంటాం. వాడు నా చెవిలో చెప్తాడు: "అక్కా, మీవాడు కప్పెక్కాడు. పసుపు చొక్కా. ఇవాళ డాన్సు కూడా." అప్పుడు నేను కెప్టెన్‌గారిని అడుగుతాను. మొదటిసారి అడిగినప్పుడు "ఇదేమన్నా సిటీ బస్సా?" అన్నారు. తర్వాత ఏమనుకున్నారో, ఒక చిన్న మోత మోగించమన్నారు. ఆయనకీ ఒక తమ్ముడున్నాడట, మాటల్లేవట.

అది పలకరింపు కాదన్నయ్యా. నేను పైకి వచ్చి చెయ్యి ఊపలేను. కనీసం "అక్క ఇక్కడే ఉంది" అని చెప్పడానికి నాకున్న నోరు అదొక్కటే.

గస్తీకి వెళ్తే ఫోన్లు పెట్టెలో పెట్టించేస్తారు. నువ్వెటూ ఫోన్ అంటే బాబెలు గోపురం అంటావు. కాబట్టి ఉత్తరాలే గతి. మాకు వచ్చేవి రేవులో సంచిలో పడుంటాయి, తిరిగొచ్చాకే పంచుతారు. జవాబు ఆలస్యమైతే అలిగాననుకోకు.

నువ్వు రంగు కొట్టిన గోడకు ఇవతలి పక్క నుంచి,
గువ్వ


మార్చి 18, ఆదివారం

గువ్వా, నిన్ను ఓడలోనుంచి పంపి, మళ్లీ చెయ్యి చాపి లోపలికి తీసుకునేవాని కృప నీకు తోడు!

ఓడిపోయానని ఒప్పుకోవడానికి రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరం మళ్లీ రాదు, దాచుకో.

ఈల ఇంటికొచ్చి నాలుగు పూటలు ఉండి వెళ్లాడు. నువ్వు కొనిచ్చిన ఆ పసుపు చొక్కా వేసుకునే ప్రార్థనకు వచ్చాడు. కళ్లు చెదిరి నాకు వచనం కనబడలేదు. పాట మధ్యలో ఈల వేశాడు. నేను ఉరిమి చూశాను. వాడు వెంటనే భక్తిగా కళ్లు మూసుకున్నాడు, ఈల మాత్రం ఆపలేదు. వెనక వరస ముసలమ్మలు వాడి ఈలకు చప్పట్లు కలిపారు! నా సంఘం, నా కళ్లముందే.

భోజనం దగ్గర పట్టుకున్నాను. "ఒరే, నువ్వు ఊరికే ఊపుతావు, వాళ్లు ఊరికే మోగిస్తారు. నిజంగా ఆపద వచ్చిననాడు ఏం ఊపుతావురా?" అన్నాను. వాడు నోట్లో ముద్ద పెట్టుకుని ఒక జవాబు చెప్పాడు. ఆడపిల్లకు రాసే జవాబు కాదది. మీ వదిన గిన్నె వదిలేసి నవ్వింది. నేను లేచి వెళ్లిపోయాను. వెళ్లి, గోడవైపు తిరిగి నేనూ నవ్వాను. ప్రభువు చూశాడు, ఇంకెవరూ చూడలేదు.

రేవు దాకా దిగబెట్టాను. "అన్నయ్యా, ఆ ఓడ కూసినప్పుడు నా కడుపు నిండిపోద్ది. సముద్రం మధ్యలో మనవాళ్లు ఎదురొచ్చినట్టు" అన్నాడు. ఇంకేం చెప్పను? గట్టున ఉండే నాకు అలాంటి నోరు లేదు. కాబట్టి, గువ్వా, ఈసారి వాడు కనబడితే నా తరఫున కూడా ఒకటి మోగించమను. మీ కెప్టెన్‌గారికి నా వందనాలు. తమ్ముడితో రాజీ పడమని చెప్పు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని వాక్యం.

చిత్తుగా ఓడిన
అన్నయ్య


ఏప్రిల్ 9, గస్తీలో

అన్నయ్యా! అన్నయ్యా! అన్నయ్యా!

నీ ఉత్తరం బయల్దేరేముందే అందింది, మంచిదైంది. మా హెలికాప్టర్ ఒడ్డుకు వెళ్తోంది, సంచి అందులో వేస్తారట, అందుకే గబగబా.

ఇవాళ పొద్దున కనబడ్డాడు! మేం చమురు బావుల వైపు తొందరగా పోతున్నాం, దారిలో చుక్క. దుర్భిణి చెవిలో అరిచాడు: "అక్కా, మీవాడే! కప్పు మీద! రెండు చేతులతో తిప్పుతున్నాడు!" పడవ బరువుగా నీళ్లలోకి దిగి ఉందట, చేపలు బాగా పడ్డట్టున్నాయి. నేను అడిగాను, ఒక హారన్ మోగించారు. అది నాది.

అప్పుడు మీ భక్తిపరుడు ఏం చేశాడో తెలుసా? ప్యాంటు కూడా విప్పి ఊపాడట! చెడ్డీతో, కప్పు మీద! బ్రిడ్జి మీద అందరూ పడీపడీ నవ్వారట. కెప్టెన్‌గారికి నవ్వు ఆగలేదు, "వాడికి ఇంకోటి కొట్టండయ్యా" అన్నారు. నేను మైకులో చెప్పాను: "సార్, అది మా అన్నయ్య తరఫున." కాబట్టి రెండోది నీది, లెక్క తీరిపోయింది.

వాడు నీకు చెప్పిన జవాబేంటో వచ్చాక వదిన్ని అడుగుతాను. నువ్వు చెప్పవని తెలుసు.

సాయంత్రానికి గాలి ముదురుతుందంటున్నారు. వాడు ఈపాటికి రేవు దారి పట్టి ఉంటాడు.

నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టిన
గువ్వ


ఏప్రిల్ 14

గువ్వా,

ఇచ్చినవాడు ఆయనే, తీసుకున్నవాడూ ఆయనే. ఆ మాట ఎన్నో ఇళ్లలో నిలబడి చెప్పాను. ఇవాళ మన ఇంట్లో చెప్పుకుంటున్నాను.

ఈల పడవ రాలేదు. తొమ్మిదో తారీఖు చీకటిపడ్డాక వచ్చిన గాలిలో పోయిందంటున్నారు. ఇంజిన్ మేస్త్రీ ఒక్కడు దొరికాడు. డ్రమ్ము పట్టుకుని తేలుతుంటే ఒక సరుకు ఓడ చూసి ఎక్కించుకుందట. ఆసుపత్రిలో ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, మాట రావడంలేదు.

ఈ కబురు నీకు ముందు మీ ఓడలోనే చెప్తారేమో. ఎవరైనా నీ పక్కన కూర్చుని చెప్పాలి.

మీ వదిన రోజూ పొయ్యిమీద వాడికి కూడా నీళ్లు పెడుతోంది. వద్దని నేను చెప్పడంలేదు.

అన్నయ్య


మే 2, రేవులో

అన్నయ్యా,

కెప్టెన్‌గారే చెప్పారు. నన్ను గదిలోంచి పైకి పిలిపించి, కుర్చీ వేయించి. తొమ్మిదో తారీఖు అని విన్నాక ముందు నేను నమ్మలేదు. ఆ పొద్దున్నే కదా చూశాం అన్నాను.

తుఫాను తగ్గాక వెతకడానికి మా ఓడనూ పంపారు. హెలికాప్టర్ కూడా ఎగిరింది. నా వంతు అయిపోయినా నన్ను తెర ముందునుంచి ఎవరూ లేపలేదు. కనబడ్డ ప్రతి చుక్కకీ వెళ్లమన్నాను, వెళ్లారు. ఒకటి డ్రమ్ము. ఒకటి తెగిన వల. ఒకటి ఏదీ కాదు, ఉత్త అల.

నువ్వెలా ఉన్నావో తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. నా దగ్గర ఒకటి మిగిలింది, సగం నీకిస్తాను. ఆ రోజు పొద్దున నేను రాసిన ఉత్తరం నీకు చేరే ఉంటుంది. వాణ్ణి చివరిసారి చూసింది మనవాళ్లే అన్నయ్యా. చొక్కా తిప్పుతూ, ప్యాంటు ఊపుతూ. ఏడవలేదు, భయపడలేదు. వాడు అక్కకీ అన్నయ్యకీ చెరో హారన్ విని, నవ్వుకుంటూ వెళ్లాడు. తర్వాత వచ్చింది గాలి, దాన్ని మనం ఆపలేం. కళ్లు మూసుకుంటే ఆ పసుపు చొక్కానే కనబడుతోంది. నిజానికి నేను చూడలేదు, దుర్భిణి చెప్పిందే. వాడు కూడా పాపం బాగా కుంగిపోయాడు. నా కళ్లలోకి చూడడు. నేనే వాణ్ణి ఓదార్చాల్సి వస్తోంది.

ఇంజిన్ మేస్త్రీ ఏమన్నా చెప్పాడా? చివర్లో వాడు ఏం మాట్లాడాడో అడుగు. సెలవు దొరకలేదు, మనుషులు తక్కువున్నారు, మళ్లీ గస్తీ.

ఆ రెండు హారన్లు పట్టుకుని బతుకుతున్న
గువ్వ


మే 12

గువ్వా,

క్షేమం. నీవూ క్షేమమని తలుస్తాను.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఇంజిన్ మేస్త్రీ ఇంటికి చేరాడు. ఏమీ చెప్పే స్థితిలో లేడు.

ఒక మాట. ఇకపై ఆ హారన్ ఎవరికీ మోగించవద్దని మీ కెప్టెన్‌గారికి చెప్పు.

డ్రైడాక్‌లో పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

అన్నయ్య


జూన్ 6, రేవులో

అన్నయ్యా,

నీ ఉత్తరం గస్తీ నుంచి వచ్చాక అందింది. చింపి చూస్తే నాలుగు ముక్కలు. తిరగేసి చూశాను, వెనక ఏమైనా ఉందేమోనని. అందులో ఒక్క వచనం లేదు. నేను చిన్నప్పుడు చెప్పులు పోగొట్టుకున్నా ఒక వచనం చెప్పి తిట్టేవాడివి. ఇప్పుడు పుస్తకం మూసేశావంటే నాకు అర్థమైంది.

నన్ను తప్పు పడుతున్నావు. చొక్కా కొనిచ్చింది నేను. నా ఓడను చూసే వాడికి సముద్రం మోజు పట్టింది. ఆ మాటలు మొహంమీద అనకుండా హారన్ ఆపమని చుట్టూ తిప్పి రాశావు. మొదట్నుంచీ నీకు ఆ హారన్ అంటే మంట. తమ్ముడు పోయినా ఆ పంతం పోలేదా?

మోగిస్తాం అన్నయ్యా. ఆపం. ఇది విను: మా రేవు పక్క పడవల కుర్రాళ్లందరికీ ఈల సంగతి తెలిసింది. ఇప్పుడు బూడిద ఓడ కనబడితే చాలు, ఎవడో ఒకడు కప్పెక్కి చొక్కా తిప్పుతున్నాడు. వాడి గుర్తుగా. నాలుగు ఓడలూ జవాబిస్తున్నాయి. మోగిన ప్రతిసారీ వాడు ఎక్కడో ఒకచోట ఉన్నట్టు అనిపిస్తుంది. నాకు మిగిలింది అదొక్కటే, దాన్నీ పాపమని లాక్కుంటావా?

పెంచినవాడివి. ఏమన్నా పడతాను. కానీ ఈ ఒక్కటి వదలను.

గువ్వ


జూన్ 17, ఆదివారం

గువ్వా,

దీవెన లేకుండా మొదలుపెడుతున్నాను. ఇవ్వడానికి నా దగ్గర లేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే ఇవాళ ప్రార్థనకు వెళ్లాను. పుస్తకం తెరిస్తే ప్రవక్త కావలివాడి సంగతి చెప్పిన చోటు వచ్చింది. ఆ మాటల్ని నేను ఎందరి తలలమీద రాళ్లలా వేశానో. కత్తి వస్తుండగా చూసి కూడా బూర ఊదకపోతే, పోయినవాడి నెత్తురును కావలివాడి చేతినుంచే అడుగుతానన్న దగ్గర పుస్తకం మూసేశాను. అందరూ ఆమేన్ అనడానికి నోరు తెరిచి ఉన్నారు. నేను కూర్చుండిపోయాను. కింద సుత్తి దెబ్బలు వినిపించాయి. మీ వదిన లేచి పాట ఎత్తుకుంది.

నిన్ను తప్పు పట్టలేదమ్మా. ఒక్క క్షణం కూడా.

ఇంజిన్ మేస్త్రీ చెప్పే స్థితిలో లేడని రాశాను. అబద్ధం. ఆయన చెప్పాడు. ఆయన చెప్పకముందే నీ నవ్వుల ఉత్తరం చదివినప్పుడు నాకు సగం తెలిసిపోయింది. నీ ఉత్తరం వాడి కబురు తరువాత వచ్చింది. వదినకు చదివి వినిపిస్తూ ప్యాంటు మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ నా మొహం చూసింది. ఉత్తరం మడిచి పెట్టేశాను.

భోజనం దగ్గర వాడు చెప్పిన జవాబు, నీకు రాయకుండా మింగేసిన జవాబు ఇదే. "నిజంగా ఆపద వచ్చిననాడు ఏం ఊపుతావురా" అంటే, "ప్యాంటు" అన్నాడు.

తరువాత మేస్త్రీ ఇంటికి వెళ్లాను. మంచంమీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తాను. నా సొంత మాట కలిపితే ప్రసంగం అయిపోతుంది.

"అయ్యగారూ, అడుగు చెక్క విడిపోయింది. నీళ్లు ఇంజిన్లోకి పోయినయ్. రేడియో తడిసింది. తోడుతున్నాం, తోడుతున్నాం, పడవ దిగిపోతానే ఉంది. అప్పుడు కనబడింది బూడిద ఓడ. మీవోడు 'బాబాయ్, బతికిపోయాం, మా అక్క ఓడ' అని కప్పెక్కేశాడు. చొక్కా తిప్పాడు. ఓడ కూసింది. 'చూశారు' అన్నాడు. కానీ అది తిరగలా. అప్పుడు ప్యాంటు లాగేశాడు. ఇదేం పిచ్చిరా అన్నాన్నేను. 'ఇది వేరే గుర్తు బాబాయ్. అన్నయ్యకి చెప్పా. అన్నయ్య అక్కకి అన్నీ రాస్తాడు' అన్నాడు. ఓడ ఇంకోసారి కూసింది. 'అదిగో, అర్థమైంది! పెద్ద ఓడ కదా, తిరగడానికి టైం పడద్ది' అన్నాడు. అది కనబడకుండా పోయేదాకా ఊపుతానే ఉన్నాడు అయ్యగారూ. ఆ తర్వాత కూడా కాసేపు."

అంతే. ఇంకా అడిగాను. తిట్టాడా అని అడిగాను. లేదన్నాడు. సాయంత్రం దాకా ఈల వేస్తూనే నీళ్లు తోడాడట. "అక్క వస్తుంది, తోడండి, తోడండి" అన్నాడట.

గువ్వా, ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. నీ దగ్గర ఆ నవ్వు ఒకటి మిగిలిందని రాశావు, సగం నాకిచ్చావు. దాన్ని నీ చేతుల్లోనే ఉండనిద్దామని, జీవితంలో మొదటిసారి సత్యాన్ని గదిలో పెట్టి తాళం వేశాను. హారన్ మాత్రం ఆపించి, కారణం చెప్పకుండా బతికేద్దామనుకున్నాను. కానీ ఇప్పుడు ఆ కుర్రాళ్లందరూ చొక్కాలు తిప్పుతున్నారని రాశావు. నాలుగు ఓడలూ జవాబిస్తున్నాయని రాశావు. రేపు వాళ్లలో ఒకడు మునిగిపోతూ తిప్పుతాడు. మీ ఓడ కూసి వెళ్లిపోతుంది. ఆ కత్తి నాకు కనబడుతోంది. నేను ఊదకపోతే ఇంకెవరు ఊదుతారు?

అందుకని నీ నవ్వు లాక్కుంటున్నాను. రెండో హారన్ నాది. ఆ ఒక్క మాట, ఆడపిల్లకు రాసేది కాదని, పరిశుద్ధుణ్ణని, రాయకుండా మానింది కూడా నేనే. నీ పొరపాటు ప్రేమ. నాది సిగ్గు.

ఈ ఉత్తరం మీ కెప్టెన్‌గారికి చూపించు. తరువాత నాకు రాయాలనిపించకపోతే రాయకు.

అన్నయ్య


జూలై 15, ఆదివారం

గువ్వా,

నీ నుంచి ఏమీ రాలేదు. గస్తీలో ఉన్నావని వదిన అంటోంది. అలా అయితే బాగుండునని నేనూ అనుకుంటున్నాను.

నాలుగు ఓడల్లో ఒకటి డ్రైడాక్‌కు వచ్చింది. నీది కాదు, అంకె చూశాను. తాళ్లమీద పైకి వెళ్లి పని మొదలుపెట్టాను. పక్కన కొత్త పనివాడు తెలియక ఈల వేశాడు. చేతిలో బ్రష్ అలాగే ఉండిపోయింది. డ్రైడాక్ మేస్త్రీ నన్ను కిందికి దింపించి ఇంటికి పంపాడు.

ప్రసంగించడం మానేశాను. ముసలమ్మలు వచ్చి కూర్చుంటున్నారు. మేం ఊరికే కూర్చుని లేస్తున్నాం.

వదిన ఇక్కడ ఒక ముక్క రాస్తానంటోంది:

అమ్మాయ్, మీ అన్న అన్నం తినడంలేదు. నువ్వు తిట్టినా సరే, ఏదో ఒకటి రాసి పడెయ్. తిట్టు తిన్నా మనిషి తిన్నట్టే ఉంటాడు.


ఆగస్టు 3, రేవులో

అన్నయ్యకు, వదినకు,

ఉత్తరాలు రెండూ రెండు వారాల కిందట, గస్తీనుంచి రాగానే కలిపి ఇచ్చారు. అంతదాకా గస్తీలోనే ఉన్నాను, జవాబు రాసేలోపే మళ్లీ బయల్దేరాం. అలగలేదు. ముందు ఆ మాట.

నీ ఉత్తరం చదివి నేనేం చేశానో రాయను. పై పడక అమ్మాయి తలుపు దగ్గర కాపలా కూర్చుంది. కానీ ఒకటి చెప్పాలి. "ప్యాంటు" దగ్గర నాకు నవ్వొచ్చింది అన్నయ్యా. వాడు నోట్లో ముద్ద పెట్టుకుని ఆ మాట అనడం, నువ్వు గోడవైపు తిరగడం కళ్లకు కట్టింది. ఏడుస్తూనే నవ్వాను. నా నవ్వు లాక్కున్నానన్నావు. పూర్తిగా లాక్కోలేకపోయావు.

కెప్టెన్‌గారికి ఇచ్చాను. నిలబడి చదివారు. కూర్చుని మళ్లీ చదివారు. దుర్భిణిని పిలిపించారు. వాడికి ముందే అనుమానమట. పడవ అంత కిందికి దిగి ఉండడం చేపల బరువు కాదేమోనని వార్త విన్నప్పటినుంచీ నలిగిపోతున్నాడట, నాతో చెప్పలేక తప్పించుకు తిరిగాడు. "అక్కా, నన్ను కొట్టు" అన్నాడు. వాడికీ ఈల వయసే.

కెప్టెన్‌గారు పైవాళ్లకు రాశారు. ఆయనకు ఏమవుతుందో తెలీదు. "వాళ్లు ఏమన్నా అననీ, మీ అన్నయ్య రాసింది నిజం" అన్నారు. ఇప్పుడు నాలుగు ఓడలకూ ఒకటే మాట. పడవమీద ఎవరు ఏ గుడ్డ ఊపినా హారన్ లేదు. ఓడ తిరగాలి. దగ్గరికి వెళ్లి గొంతుతో అడగాలి.

మొన్న ఈ గస్తీలో ఒక పడవ కనబడింది. నా తెరమీద చుక్క. దుర్భిణి చెవిలో చెప్పాడు: "అక్కా, చొక్కా." మేం అప్పుడు వేరే పనిమీద పోతున్నాం, నీళ్లడుగున ఏదో చప్పుడు వినిపించిందని. కెప్టెన్‌గారు అది వదిలేసి తిప్పమన్నారు. ఓడ ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగింది. నిజమే అన్నయ్యా, తిరగడానికి టైం పడుతుంది. కానీ తిరుగుతుంది.

చుక్క దగ్గరికొచ్చింది. ఇంతవరకూ నా తెరమీద ఏ చుక్కా అంత దగ్గరికి రాలేదు. కెప్టెన్‌గారు "నువ్వు పైకి రామ్మా" అన్నారు. వెళ్లాను. వెలుతురుకి కళ్లు మూసుకుపోయాయి. తెరిచేసరికి కింద పడవ, కప్పు మీద కుర్రాడు, చేతిలో ఎర్ర చొక్కా. అంత పెద్ద ఓడ మీదికి వచ్చేసరికి భయంతో బిగుసుకుపోయాడు.

"ఏమైంది? బాగున్నారా?" అని నేనే అడిగాను, మైకులో.

వాడు చొక్కా వెనక దాచుకున్నాడు. "ఏం లేదక్కా, ఊరికే" అన్నాడు.

రెండు హారన్లనీ నీదీ నాదీ అని పంచుకోవద్దు అన్నయ్యా. రెండూ ఇద్దరివీ. మోయడానికి ఇద్దరం కావాలి. అన్నం తిను. ఆదివారం లేచి నిలబడు. ఏ మాటైనా సరే, నాకు రాయాల్సింది రాయి, మింగకు.

ఆ కుర్రాడు ఊరికే అన్నాడు. ఆ ఒక్క ముక్క వినడానికి అంత దూరం వెళ్లాం. మళ్లీ ఊపినా వెళ్తాం.

గువ్వ